పన్నెండో తరగతి ఇంగ్లీషు: ఏ మాట వలన తెలిసింది?

క్వేకర్స్ హిల్ సిడ్నీ నగరానికి పడమటి వైపున, బ్లాక్‌టౌన్ పురపాలక ప్రాంతంలో ఉన్న పేట. రిచ్‌మండ్ పోయే రైలుదారి మీద దీనికొక స్టేషను ఉన్నది. ఫిజీ నుండి వచ్చిన మన కుటుంబాలు, ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల నుండి నేరుగా వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ చుట్టుపక్కల నివసిస్తున్నవి. పండుగలకో పెళ్ళిళ్ళకో కలిసినప్పుడు, పన్నెండో తరగతి చదివే బిడ్డ ఉన్న ఇంటివారు మమ్మల్ని తప్పక అడిగే మాట ఒకటున్నది. "మాస్టారూ, మావాడు ఇంగ్లీషు గడగడ మాట్లాడతాడు గదా, మార్కులెందుకు రావడము లేదు?"

దాని వెంటనే రెండో మాట వస్తుంది. "ఈ ఒక్క సంవత్సరము తెలుగు తరగతి మాన్పిస్తే మంచిదేమో?"

ఈ రెండు ప్రశ్నలు అడిగేవారికి వేరువేరుగా తోచవచ్చు. మాకు మాత్రము ఒకటిగానే కనబడుతున్నవి. పరీక్ష కోరేది గడగడ మాట్లాడే శక్తిని కాదు. ఒక పుట చదివి, అందులో ఏమున్నదో చెప్పి, అది ఏ మాట వలన తెలిసిందో చూపించగల శక్తిని కోరుతుంది. అటువంటి శక్తి రోజూ కొద్దికొద్దిగా చేసే సాధన వలన వస్తుంది. బట్టీ పట్టిన వ్యాసము వలన రాదు. తెలుగు మానుకొన్నందువలన అసలే రాదు. ఈ సంగతిని వివరించడమే ఈ వ్యాసము ఉద్దేశము.

పరీక్ష స్వరూపము

న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో పాఠశాల చదువు ముగింపున వ్రాసే పరీక్షను హయ్యర్ స్కూల్ సర్టిఫికేట్ అంటారు. పొట్టిగా హెచ్.ఎస్.సి. సర్ హెరాల్డ్ విండమ్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1957లో ఒక నివేదిక ఇచ్చింది. దాని ప్రకారము ఉన్నత పాఠశాల చదువును మార్చి, 1967లో ఈ పరీక్షను మొదటిసారి జరిపారు. క్వేకర్స్ హిల్‌లో పూర్వము నౌకాదళము వారి నిరింబా శిక్షణ కేంద్రము ఉండేది. 1994లో అది మూతపడిన తరువాత ఆ స్థలము విద్యాసంస్థల పాలైంది. పదకొండు, పన్నెండు తరగతులకు మాత్రమే నడిచే విండమ్ కాలేజి అనే ప్రభుత్వ పాఠశాల ఇప్పుడు అక్కడే ఉన్నది.

ఈ పరీక్షలో లెక్కలు వదలవచ్చు, సైన్సు వదలవచ్చు, చరిత్ర వదలవచ్చు. ఇంగ్లీషు వదలడానికి మాత్రము వీలు లేదు. విశ్వవిద్యాలయ ప్రవేశానికి లెక్కగట్టే స్థానానికి పది యూనిట్లు తీసుకుంటారు. వాటిలో రెండు యూనిట్ల ఇంగ్లీషు తప్పక చేరుతుంది. కనుక "మా అమ్మాయి డాక్టరు కావాలి, ఆ కవిత్వముతో ఆమెకేమి పని?" అనే ఇంట్లో కూడా ఇంగ్లీషును పక్కకు నెట్టడము కుదరదు.

2019లో మొదలైన పరీక్షా విధానంలో స్టాండర్డ్, అడ్వాన్స్‌డ్ విద్యార్థులకు రెండు పత్రాలు ఇస్తూ వచ్చారు. మొదటి పత్రానికి గంటన్నర కాలము, దానికి ముందు చదువుకోవడానికి పది నిమిషాలు. మార్కులు నలభై. అందులో ఇరవై మార్కులు మునుపెన్నడూ చూడని రచనల మీద అడిగే చిన్న ప్రశ్నలకు, తక్కిన ఇరవై పాఠ్యగ్రంథము మీద వ్రాసే వ్యాసానికి. రెండో పత్రానికి రెండు గంటలు, అరవై మార్కులు. ఇరవై మార్కులకొకటిగా మూడు భాగాలు. అందులో ఒకటి విద్యార్థి స్వయంగా రచన చేయవలసిన భాగము. తుది మార్కులో సగము ఈ పరీక్షది, సగము ఏడాది పొడుగునా పాఠశాలలో చేసిన పనులది.

ఇది గాక 2020 నుండి మరొక నియమము చేరింది. చదవడము, వ్రాయడము, లెక్కలు అనే మూడింటిలో కనీస ప్రమాణము అందుకొన్నవారికే సర్టిఫికేటు ఇస్తారు. కంప్యూటరు మీద ఒక్కొక్క పరీక్షకు నలభై ఐదు నిమిషాలు. పదో తరగతి నుండే వీటిని వ్రాయవచ్చు. తప్పితే మళ్ళీ వ్రాసే అవకాశము ఉన్నది.

ఇండియా నుండి, ఫిజీ నుండి ఇటీవల వచ్చిన కుటుంబాలు ఒక విషయము గుర్తుంచుకోవాలి. పదకొండో తరగతి మొదలుపెట్టే నాటికి ఇంగ్లీషు మాధ్యమంలో చదువు అయిదు సంవత్సరాలు మించని విద్యార్థులకు వేరే పాఠ్యక్రమము ఉన్నది. ఇంగ్లీషును అదనపు భాషగా నేర్చుకొనేవారి కోసము ఏర్పరచినది అది. అయితే పరదేశములోనైనా ఇంగ్లీషు మాధ్యమంలోనే చదివిన పిల్లలకు అది సాధారణంగా వర్తించదు. ఏ క్రమంలో చేరాలో పాఠశాలలో ముందే కనుక్కోవాలి.

మాట్లాడే భాష, వ్రాసే భాష

మాట్లాడేటప్పుడు సగము నోటితో, సగము చేతితో చెబుతాము. ఎదుటివారి ముఖము చూసి, అర్థము కాలేదని తెలిస్తే మళ్ళీ చెబుతాము. కాగితము మీద ఆ వసతి లేదు. పేపరు దిద్దే ఉపాధ్యాయునికి మన బిడ్డ ముఖము కనబడదు. వ్రాసిన వాక్యమొక్కటే ఆయన ముందు ఉంటుంది.

తెలుగు లిపిలో విన్నది విన్నట్టు వ్రాయగలము. ఇంగ్లీషులో అలా కుదరదు. దేర్ అనే ఒక్క ధ్వనికి మూడు వర్ణక్రమాలు ఉన్నవి. ఒకటి "అక్కడ", ఒకటి "వారి", మరొకటి "వారు ఉన్నారు". ఇట్స్ అనే మాటకు రెండు. పైన కామా గుర్తు ఉంటే "అది ఉన్నది", లేకుంటే "దాని". చెవితో ఇంగ్లీషు నేర్చిన పిల్లలు "కుడ్ హ్యావ్" అనవలసిన చోట "కుడ్ ఆఫ్" అని వ్రాయడము చాలా మామూలు. ఇది తెలుగు వలన వచ్చిన తప్పు కాదు. ఇక్కడే పుట్టి ఇంగ్లీషు తప్ప మరొకటి ఎరుగని పిల్లలు కూడా ఇదే వ్రాస్తారు. కారణమేమంటే, విన్నంతగా వారు చదవలేదు. చదివేవారి కన్ను వర్ణక్రమాన్ని తానే పట్టుకుంటుంది.

వ్యాకరణము

వ్యాకరణము అనగానే ఖాళీలు పూరించే పుస్తకము గుర్తుకొస్తుంది. అది పనికిరాదని అనము గాని, చివరి సంవత్సరంలో వ్యాకరణాన్ని వేరే చూపుతో చూడాలి. ఎవరు, ఎవరిని, ఏమి చేశారు అన్నది వాక్యంలో ఎక్కడ దాగి ఉన్నదో కనిపెట్టడమే వ్యాకరణము. మన తెలుగును పక్కన పెట్టుకొని చూస్తే ఇది తేలికగా బోధపడుతుంది.

ఒకటి, పదముల వరుస. "పిల్లి ఎలుకను పట్టింది" అన్నా, "ఎలుకను పిల్లి పట్టింది" అన్నా మనకు ఒకటే. విభక్తి ప్రత్యయము "ను" కాపలా కాస్తూ ఉంటుంది. ఇంగ్లీషులో ఆ ప్రత్యయము లేదు. స్థానమే విభక్తి. పిల్లిని, ఎలుకను అటూఇటూ మారిస్తే ఎలుకే పిల్లిని పట్టినట్టవుతుంది.

రెండు, కర్తకు క్రియకు పొత్తు. "మామిడిపండ్ల బుట్ట బరువుగా ఉన్నది" అంటాము. ముఖ్యమైన మాట "బుట్ట" క్రియకు దగ్గరగా ఉన్నది కనుక తప్పు రాదు. ఇంగ్లీషులో బుట్ట ముందుకు పోతుంది, పండ్లు క్రియకు దగ్గరగా వస్తవి. "ది బాస్కెట్ ఆఫ్ మ్యాంగోస్ ఈజ్ హెవీ" అనవలసిన చోట "ఆర్" అని వ్రాయడానికి అదే కారణము. వాక్యము పొడుగయ్యే కొద్దీ ఈ తప్పు పెరుగుతుంది. విరుగుడు ఒకటే. క్రియ దగ్గర ఆగి, "బరువుగా ఉన్నది ఏది?" అని అడగాలి.

మూడు, వాక్యాలను కలపడము. "ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కొని, అన్నము తిని, పడుకొన్నాడు" అని మనము అసమాపక క్రియలను దండగా గుచ్చి, చివర ఒక్క సమాపక క్రియతో ముడి వేస్తాము. ఇంగ్లీషులో ఈ క్రియలన్నీ సాధారణంగా పూర్తి క్రియలే అవుతవి. చివరి దాని ముందు "అండ్" కావాలి. రెండు పూర్తి వాక్యాల మధ్య వట్టి కామా పెట్టి పోవడము పన్నెండో తరగతిలో మేము ఎక్కువగా దిద్దే తప్పు. అక్కడ చుక్క పెట్టాలి, లేదా "బికాజ్", "ఆల్‌దో", "వైల్" వంటి కలిపే మాట వేయాలి. ఏ మాట వేస్తామో దానిని బట్టి ఆలోచన మారుతుంది. "బికాజ్" కారణము చెబుతుంది. "ఆల్‌దో" ఎదురు చెబుతుంది.

నాలుగు, ఆర్టికల్స్. తెలుగులో ఇవి లేవని అంటారు గాని, పని చేసే మాటలు మనకూ ఉన్నవి. "దారిలో ఒక కుక్క కనబడింది. ఆ కుక్క కుంటిది." మొదట "ఒక", తరువాత "ఆ". ఇంగ్లీషులో "ఎ", "ది" చేసే పని చాలావరకు ఇదే. వినేవారికి ముందే తెలిసినదా, కొత్తదా అని అడుక్కుంటే సగము తప్పులు పోతవి.

అయిదు, కాలము. మన "చూశాను" ఒక్కటే ఇంగ్లీషులో "ఐ సా" కావచ్చు, "ఐ హ్యావ్ సీన్" కావచ్చు. "నిన్న" వంటి గడచిన కాలపు మాట ఉంటే మొదటిదే వాడాలి. సాహిత్య వ్యాసంలో మరొక ఆచారము ఉన్నది. కవి ఎప్పుడో గతించినా, కవిత ఏమి చెబుతున్నదో వ్రాసేటప్పుడు వర్తమాన కాలము వాడతారు. ఒక పేరాలో వర్తమానము, మరొక పేరాలో భూతము వ్రాస్తే చదివేవారికి తడబాటు కలుగుతుంది.

ఆరు, కర్మణి ప్రయోగము. దీనికి మన చరిత్ర నుండే ఉదాహరణ తీసుకుందాము. ఈ మూడు వాక్యాలు మేము పిల్లల చేత వ్రాయిస్తాము.

ది ఓవర్సీర్ టుక్ ది విమెన్ టు ది ఫీల్డ్ బిఫోర్ డాన్.

ది విమెన్ వర్ టేకెన్ టు ది ఫీల్డ్ బిఫోర్ డాన్.

ది విమెన్ వెంట్ టు ది ఫీల్డ్ బిఫోర్ డాన్.

మొదటి దానిలో తెల్లవారక ముందే ఆడవారిని పొలానికి తీసుకొనిపోయినవాడు ఉన్నాడు. మన పెద్దలు "కులంబర్" అని పిలిచిన దొర అతడే. రెండో దానిలో ఆడవారిని తీసుకొనిపోయారు గాని, తీసుకొనిపోయినవాడు వాక్యంలో లేడు. మూడో దానిలో వారు తమంత తామే వెళ్ళినట్టున్నది. జరిగినది ఒకటే. మూడు వాక్యాలు మూడు చరిత్రలు చెబుతున్నవి. ఇది తెలిసిన పిల్లవాడు పాత దస్తావేజు చదివినా, ఈనాటి పత్రిక చదివినా "చేసినవాడు ఏడీ?" అని అడుగుతాడు. ఈ ప్రశ్న అడగగలగడము పరీక్షలోనూ మార్కు తెస్తుంది, బ్రతుకులోనూ పనికి వస్తుంది.

పదసంపద

వెయ్యి మాటల పట్టికను కంఠస్థము చేయించడము చాలా ఇళ్ళలో చూస్తున్నాము. వారము తిరగకుండానే అవి మరపున పడతవి. మాటలను కుటుంబాలుగా నేర్చుకోవాలి. ఆహారము, విహారము, సంహారము, పరిహారము అన్న మాటలను చూడండి. మూలము ఒకటే, ముందు చేరిన ఉపసర్గ అర్థాన్ని మార్చింది. ఇంగ్లీషులోనూ ఇదే పద్ధతి. "పోర్ట్" అనే లాటిన్ మూలానికి మోయుట అని అర్థము. లోపలికి మోస్తే ఇంపోర్ట్, బయటకు మోస్తే ఎక్స్‌పోర్ట్, ఆవలికి మోస్తే ట్రాన్స్‌పోర్ట్, తిరిగి తెచ్చి చెబితే రిపోర్ట్, క్రింది నుండి మోస్తే సపోర్ట్. "స్పెక్ట్" అంటే చూచుట. ఇన్‌స్పెక్ట్, రెస్పెక్ట్, సస్పెక్ట్, స్పెక్టేటర్ అన్నీ ఆ ఇంటివే. ఒక మూలము నేర్చుకుంటే పది మాటలకు తలుపు తెరుచుకుంటుంది.

మాటకు అర్థముతో పాటు వాసన కూడా ఉంటుంది. పొదుపరి, పిసినారి ఇద్దరూ డబ్బు ఖర్చు చేయనివారే. ఒకటి మెప్పు, ఒకటి తిట్టు. ఇంగ్లీషులో థ్రిఫ్టీ, స్టింజీ కూడా అంతే. స్లిమ్ అంటే సంతోషిస్తారు, స్కిన్నీ అంటే ముఖము ముడుచుకుంటారు. రచయిత ఏ మాట ఎన్నుకొన్నాడు, దాని పక్కనున్న మాటను ఎందుకు వదిలాడు అన్నదే చిన్న ప్రశ్నల ప్రాణము.

మాటలకు ప్రయాణము కూడా ఉంటుంది. అగ్రిమెంట్ అనే ఇంగ్లీషు మాట మన పూర్వుల నోట గిర్మిట్ అయింది. కాగితము మీద అది ఒడంబడిక. అనుభవించినవారి నోట అది అయిదేండ్ల కష్టము పేరు. నిఘంటువులో దొరికే అర్థానికీ, మనుషులు వాడిన అర్థానికీ ఎంత దూరము ఉండవచ్చునో మన పిల్లలకు చెప్పడానికి ఇంతకంటె మంచి మాట మాకు దొరకలేదు.

ఒక చిన్న నోటుపుస్తకము పెట్టుకొని, రోజుకు మూడు మాటలు మాత్రమే వ్రాయాలి. మాట, అది కనబడిన వాక్యము, దాని కుటుంబము, తెలుగులో దగ్గరి మాట. ఈ నాలుగూ ఉంటే మాట నిలుస్తుంది.

పఠనము

మునుపు చూడని రచనను చదివే పది నిమిషాలు ఎంతో విలువైనవి. ఆ సమయంలో కలము పట్టరాదు. కనుక కన్నుతోనే పని చేయాలి. ముందు ప్రశ్నలు చదవాలి. తరువాత రచనలను ఆపకుండా ఒకసారి, ప్రశ్నలను మనసులో పెట్టుకొని రెండోసారి చదవాలి. ఇరవై మార్కులకు ఇంచుమించు నలభై ఐదు నిమిషాలు అనుకుంటే, మార్కుకు రెండు నిమిషాలకు కొంచెము పైన వస్తుంది. మూడు మార్కుల ప్రశ్నకు పుటన్నర వ్రాసి, ఆరు మార్కుల ప్రశ్నకు మూడు వరుసలు వ్రాసేవారు చాలామంది ఉన్నారు.

ఒక ఉదాహరణ చూద్దాము. ఈ వాక్యము మేము పాఠము కోసము కల్పించినది.

షి పుట్ డౌన్ ది బకెట్, అండ్ దెన్ హర్ షోల్డర్స్, అండ్ దెన్ హర్‌సెల్ఫ్.

ఆమె బొక్కెన దించింది, తరువాత భుజాలు దించింది, తరువాత తననే దించుకొన్నది. ఆమె అలసటను రచయిత ఎలా చూపాడని ప్రశ్న. "ఆమె బాగా అలసిపోయింది" అని వ్రాసిన బిడ్డ తప్పు చెప్పలేదు, కాని ప్రశ్న అడిగినది చెప్పలేదు. "రచయిత పునరుక్తి వాడాడు" అని అలంకారము పేరు చెప్పి ఊరుకొన్న బిడ్డ సగము దారిలో ఆగింది. మంచి జవాబు ఇలా ఉంటుంది. "పుట్ డౌన్" అనే ఒక్క క్రియ బొక్కెనకూ, భుజాలకూ, మనిషికీ కలిసి వచ్చింది. అంటే ఆమె శరీరమే ఆమెకొక మోతబరువు అయింది. "అండ్ దెన్" రెండుసార్లు రావడము వలన వాక్యము మెల్లగా, ఆగి ఆగి కూర్చుంటుంది. ఇందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు. ఏ మాట వలన తెలిసిందో చూపడము మాత్రమే ఉన్నది.

బట్టీ వ్యాసము

మన సంప్రదాయంలో కంఠస్థానికి గౌరవము ఉన్నది. పద్యము కంఠస్థము చేయడము మంచిదే. కాని ఎవరో వ్రాసిచ్చిన వ్యాసాన్ని డబ్బిచ్చి కొని, కంఠస్థము చేసి, పరీక్షలో ఒప్పజెప్పడము వేరు. ప్రశ్న ఏటేటా మారుతుంది. పిల్లవాడి వద్ద ఉన్న జవాబు మారదు. నెలల శ్రమ పెట్టి నేర్చిన వ్యాసము అడిగిన ప్రశ్నకు అతకనప్పుడు, ఆ గదిలో బిడ్డ ఒంటరివాడవుతాడు. దానికి బదులు పాఠ్యగ్రంథము నుండి పది పన్నెండు చిన్న వాక్యాలు గుర్తుంచుకొని, ఒక్కొక్కదాని గురించి మూడు నాలుగు మాటలు సొంతంగా చెప్పగలిగితే, ఏ ప్రశ్న వచ్చినా వాటిని అమర్చుకోవచ్చు. మసాలా డబ్బా నిండుగా ఉంటే ఏ కూరైనా వండవచ్చును గదా!

వారపు సాధన

రోజుకు అరగంట చాలు. తప్పకుండా జరగడము ముఖ్యము.

సోమవారము: పత్రికలో గాని, కథల పుస్తకంలో గాని ఒక పుట. నెమ్మదిగా రెండుసార్లు.

మంగళవారము: ఆ పుటలోని మూడు మాటలు నోటుపుస్తకంలోకి.

బుధవారము: అదే పుటలోని రెండు చిన్న వాక్యాలను మూడు విధాలుగా కలిపి వ్రాయడము. అర్థము ఎలా మారిందో ఒక వరుసలో చెప్పడము.

గురువారము: పాత ప్రశ్నపత్రము నుండి నాలుగు మార్కుల ప్రశ్న ఒకటి. గడియారము పెట్టుకొని తొమ్మిది నిమిషాలు.

శుక్రవారము: నిన్న వ్రాసిన జవాబును పైకి చదివి దిద్దుకోవడము. చెవికి తగిలిన చోట చాలావరకు తప్పు ఉంటుంది.

శనివారము: పాఠ్యగ్రంథము మీద ఒక్క పేరా, చేతితో.

ఆదివారము: తెలుగు తరగతి.

పాత ప్రశ్నపత్రాలను, మార్కులు వేసే సూత్రాలతో సహా, రాష్ట్ర విద్యా ప్రమాణాల సంస్థ నేసా ఉచితంగా అందిస్తున్నది. బ్లాక్‌టౌన్ నగర గ్రంథాలయాలలో సభ్యత్వానికి రుసుము లేదు. కనుక పేద ఇంటి బిడ్డకు కూడా ఈ సాధన అందుబాటులోనే ఉన్నది.

తెలుగు మాన్పించాలా?

ఆదివారము తెలుగు తరగతి అని చూసి కొందరు ఆశ్చర్యపడతారు. దీనికి సమాధానము చెప్పాలంటే కొంచెము వెనుకకు పోవాలి.

ఫిజీకి గిర్మిట్ కూలీలతో మొదటి ఓడ 1879లో వచ్చింది. మద్రాసు రేవు నుండి మనవారిని తీసుకొనివచ్చే ఓడలు 1903లో మొదలైనవి. 1916తో ఆ రవాణా ఆగింది. మొత్తము వచ్చినవారు సుమారు అరవై వేలు, అందులో దక్షిణాదివారు సుమారు నాలుగో వంతు. వారిలో చాలామంది పని చేసిన కొలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ 1973 వరకు ఫిజీలో ఉన్నది. దాని ప్రధాన కార్యాలయము ఉండినది ఈ సిడ్నీలోనే. తోటల్లో అందరికీ కలిసిన భాష ఫిజీ హిందీ అయింది. 1926లో నాందిలో ఏర్పడిన తెన్ ఇందియ సన్మార్గ ఐక్య సంగమూ, 1941లో ఏర్పడిన ఆంధ్ర సంగమూ పాఠశాలల ద్వారా, భజనల ద్వారా మన భాషలను నిలబెట్టడానికి పాటుపడినవి. అయినా బ్రతుకు తెరువుకు హిందీ, చదువుకు ఇంగ్లీషు అన్న లెక్కలో, చాలా ఇళ్ళలో తెలుగు పూజ గదికి పరిమితమైంది. 1987 కుట్రల తరువాత ఆస్ట్రేలియాకు వలస వచ్చిన కుటుంబాలలో చాలామటుకు తెలుగు పేర్లు ఉన్నవి గాని తెలుగు మాటలు లేవు.

మేమూ అటువంటి ఇంటివారమే. తెలుగును తల్లి ఒడిలో కాక, సంఘము నడిపిన తరగతిలో, బల్ల మీద కూర్చొని, విభక్తులు వల్లించి నేర్చుకొన్నాము. అప్పుడొక వింత తెలిసింది. ఇంగ్లీషులో మాకు తెలియకుండానే పాటిస్తున్న నియమాలు, తెలుగు నియమాలు నేర్చుకొంటుంటే పక్కపక్కన నిలబడి కనబడినవి. క్రియ చివరకు ఎందుకు పోతుంది, "ను" అనే చిన్న ప్రత్యయము ఎంత బరువు మోస్తుంది అని తెలిసిన తరువాతే, ఇంగ్లీషులో ఆ బరువును స్థానము మోస్తున్నదని గ్రహించాము. చేపకు నీరు కనబడదు. ఒడ్డుకు వచ్చి చూసినవారికి కనబడుతుంది. రెండో భాష అటువంటి ఒడ్డు.

తెలుగు తరగతికి వారానికి రెండు గంటలు పోతవన్న మాట నిజమే. పరీక్షల నెలలో ఒక గంట తగ్గించుకోవచ్చు. కాని మాన్పించడము వేరు. మానిన పిల్లలు పరీక్ష తరువాత తిరిగి రావడము అరుదు. పదిహేడో ఏట విడిచిన భాషను యాభయ్యో ఏట మళ్ళీ అందుకోవడము ఎంత కష్టమో మాకు తెలుసు.

ఇంటివారు చేయగలిగినది

"మాకు షేక్‌స్పియర్ తెలియదు, మేమేమి సహాయము చేయగలము?" అని తల్లులు అడుగుతారు. షేక్‌స్పియర్ తెలియనక్కరలేదు. బిడ్డ పుట చదివిన తరువాత వంట చేస్తూనే మూడు ప్రశ్నలు తెలుగులో అడగండి. ఎవరు? ఏమి చేశారు? ఏ మాట వలన నీకు తెలిసింది?

మొదటి రెండింటికి జవాబు వెంటనే వస్తుంది. మూడో దానికి బిడ్డ పుస్తకము మళ్ళీ తెరవవలసి ఉంటుంది. తెరిచి, ఆ వాక్యము వెదికి, ఆ మాట మీద వ్రేలు పెట్టి, దాని అర్థము తెలుగులో మీకు చెప్పాలి. చెప్పడానికి తెలుగు మాట దొరకకపోతే నానమ్మను అడుగుతుంది. నానమ్మకు ఇంగ్లీషు రాదు కనుక బిడ్డ మరింత విడమరచి చెప్పవలసి వస్తుంది. విడమరచి చెప్పడమంటే సగము వ్యాసము వ్రాసినట్టే.

ఇంగ్లీషు మొదటి పత్రము సాధారణంగా పరీక్షలు మొదలైన మొదటి రోజునే, అక్టోబరులో ఉంటుంది. పన్నెండో తరగతి పాఠాలు అంతకు ముందటి అక్టోబరులోనే మొదలవుతవి. రోజుకు మూడు మాటల చొప్పున ఈ ఏడాదిలో వెయ్యి మాటలు అవుతవి. పట్టికలోని వెయ్యి కావు, తాను చదివిన వాక్యాలలో తన కంటితో చూసిన వెయ్యి. ఈ రాత్రికే మొదటి మూడు వ్రాయించండి.